ఇంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్: అపోహలు – వాస్తవాలు

ఇంట్లో ఒక్కరే పాడుకుని, వాయించుకుని, రికార్డు చేసుకునేవారి పాటలను మిక్సింగ్ చేయడం నా వృత్తి. వారు ఫైళ్లు పంపడానికి ముందే అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఏ సాఫ్ట్‌వేర్ కొంటే స్టూడియో సౌండ్ వస్తుంది?" అడిగేవారిలో చాలామంది అప్పటికే ఉచితంగా దొరికిన దానిలో రికార్డు చేసి, విన్నది నచ్చక, లోపమంతా సాఫ్ట్‌వేర్‌దేనని తీర్మానించుకుని, ఒకదాని తర్వాత ఒకటి మార్చి విసిగిపోయి ఉంటారు. కొందరు ఇక పాడడమే మానేద్దామన్నంత నిరాశలో ఉంటారు. వారి డబ్బునూ కాలాన్నీ ఎక్కువగా మింగేస్తున్న అపోహ ఒకటుంది కనుక దాని గురించే వివరంగా రాస్తాను. మిగిలినవి క్లుప్తంగా చెబుతాను.

అపోహ: ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేస్తే గొంతు బాగా వస్తుంది.

వాస్తవం: మైకు అందుకున్న శబ్దాన్ని అంకెలుగా మార్చేది ఆడియో ఇంటర్‌ఫేస్, అంటే మైకును కంప్యూటర్‌కు కలిపే పరికరం. సాఫ్ట్‌వేర్ ఆ అంకెలను తీసుకుని డిస్కులో రాస్తుంది. గొంతు, మైకు, ఇంటర్‌ఫేస్, గెయిన్ (మైకు శబ్దాన్ని ఎంత పెంచాలన్న అమరిక) అవే అయినప్పుడు చవకైన రీపర్ అనే సాఫ్ట్‌వేర్ రాసిన వేవ్ ఫైలుకూ (కుదించని ఆడియో ఫైలు), పెద్ద స్టూడియోలు వాడే ప్రోటూల్స్ రాసిన వేవ్ ఫైలుకూ తేడా ఉండదు. ట్రాకులను, అంటే విడివిడిగా రికార్డు చేసిన గొంతునూ వాద్యాలనూ, కలిపేటప్పుడూ అంతే. నేడు విరివిగా వాడే సాఫ్ట్‌వేర్లు 32 బిట్ లేదా 64 బిట్ ఫ్లోటింగ్ పాయింటు లెక్కతో (చాలా సూక్ష్మమైన దశాంశాల లెక్క) ట్రాకులను కూడతాయి. ఆ కూడికలో ఒకదానికి తెలిసి మరొకదానికి తెలియని రహస్యమేమీ లేదు.

ఇది నా మాట మీద నమ్మవలసిన విషయం కాదు, ఎవరి ఇంట్లో వారు పరీక్షించుకోవచ్చు. ఒక పాటకు చెందిన ట్రాకులను రెండు సాఫ్ట్‌వేర్లలో వేయండి. ఫేడర్లన్నీ (ట్రాకు స్థాయిని మార్చే మీటలు) సున్నా డెసిబెళ్ల దగ్గర, అంటే పెంచకుండా తగ్గించకుండా ఉంచి, ప్లగిన్లన్నీ (అదనంగా జోడించే ఎఫెక్టులు) తీసేసి, పాన్ లా అనే సెట్టింగు (దాని సంగతి కింద చెబుతాను) రెండింటిలోనూ ఒకటే ఉండేలా చూసి, ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చిన రెండు ఫైళ్లను పక్కపక్క ట్రాకులలో మొదలు కలిసేలా పెట్టి, ఒకదాని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) ప్లే చేస్తే రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి, చెవికి వినబడేది ఏమీ మిగలదు. నా దగ్గర నేర్చుకునే పిల్లలకు మొదటి రోజుల్లోనే ఈ పరీక్ష చేయిస్తాను. ట్రాకులు నడుస్తున్నా స్పీకర్లు మౌనంగా ఉండడం చూశాక వారు మళ్లీ ఆ ప్రశ్న అడగరు.

అలాగని, "ఆ సాఫ్ట్‌వేర్‌లో పెట్టగానే పాట నిండుగా వినబడింది" అనేవారు అబద్ధమాడుతున్నారని నేననను. వారు విన్నది నిజమే, కారణం వేరు. మోనో ట్రాకును మధ్యలో ఉంచినప్పుడు దాని స్థాయిని ఎంత తగ్గించాలన్నది పాన్ లా నిర్ణయిస్తుంది. రీపర్‌లో డిఫాల్టుగా తగ్గింపు ఉండదు, మరికొన్నిటిలో 3 డెసిబెళ్లు తగ్గుతుంది. ఒకే పాటను రెండు స్థాయిలలో వినిపిస్తే కొంచెం బిగ్గరగా ఉన్నదే బాగుందని చెవి తీర్పు చెబుతుంది. ఇంకా కొన్ని సాఫ్ట్‌వేర్లు దిగుమతి చేసిన ఆడియోను అడగకుండానే ప్రాజెక్టు టెంపోకు సరిపోయేలా సాగదీస్తాయి. అప్పుడు గొంతు మసకబారుతుంది. ఇవన్నీ సెట్టింగులు. ఒక్క నిమిషంలో మార్చుకోగలిగిన సెట్టింగు కోసం వేలకు వేలు పోసి సాఫ్ట్‌వేర్ మార్చడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

కోస్తా ప్రాంతంలో ఇంటి వద్ద పిల్లలకు సంగీతం చెప్పే ఒక టీచర్‌గారు నాకు ఫోన్ చేసి, "బాబూ, నా పాట డబ్బాలో పాడినట్టు ఉంటోంది. సినిమా స్టూడియోల్లో వాడేది కొనుక్కోమంటున్నారు, కొనేయనా?" అని అడిగారు. పిల్లల ఫీజుల నుంచి కొంత కొంత పక్కన పెడుతున్నానని కూడా చెప్పారు. "టీచర్‌గారూ, కొనకండి, ముందు మీరు రికార్డు చేసే గది ఫొటో పంపండి" అన్నాను. పాలరాతి నేల, నాలుగు వైపులా ఖాళీ గోడలు, తలపైన ఫ్యాను, రెండు మూరల దూరంలో మైకు. ఆ మైకు కార్డియాయిడ్ రకం, అంటే ఎదుటి నుంచి వచ్చేదాన్ని ఎక్కువగా అందుకుంటుంది. ఎదురుగా టీచర్‌గారి గొంతుతో పాటు ఆవిడ వెనుక గోడకు తగిలి తిరిగొచ్చే ప్రతిధ్వని కూడా ఉంది. పడకగదిలో బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి, దానికి వీపు పెట్టి కూర్చుని, పక్కల రెండు బొంతలు వేలాడదీసి, ఫ్యాను ఆపి, మైకుకు జానెడు దూరంలో పాడమన్నాను. గొంతు బాగా బిగ్గరగా వచ్చే చోట్లు మీటరులో మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా గెయిన్ పెట్టించాను. లాప్‌టాప్ అదే, ఉచిత సాఫ్ట్‌వేర్ కూడా అదే. మర్నాడు వచ్చిన ఫైలులో ఆవిడ ఊపిరి తీసుకోవడం, సంగతి వేసే ముందు గొంతు సన్నబడడం స్పష్టంగా వినిపించాయి. ఆ పాటను నేను పెద్దగా దిద్దవలసిన అవసరమే రాలేదు.

పెద్ద స్టూడియోలు ప్రోటూల్స్, న్యూయెండో వంటివి వాడడానికి తగిన కారణాలున్నాయి. వందల ట్రాకుల సెషన్లు, సినిమా దృశ్యంతో కలిపి చేసే పని, ఒక స్టూడియోలో తెరిచినది మరో స్టూడియోలో అలాగే తెరుచుకోవలసిన అవసరం. ఒక గొంతు, ఒక తంబురా, ఒక కీబోర్డుతో పని చేసుకునేవారికి ఆ అవసరాలు లేవు.

అపోహ: పాడుతుంటే హెడ్‌ఫోన్‌లో గొంతు ఆలస్యంగా వస్తోంది, కాబట్టి ఈ సాఫ్ట్‌వేర్ పనికిరాదు.

వాస్తవం: అది బఫర్ వల్ల, అంటే కంప్యూటర్ శబ్దాన్ని కొంత కొంతగా పోగు చేసుకుని పంపడం వల్ల వచ్చే ఆలస్యం. 48 కిలోహెర్ట్జ్ (సెకనుకు 48 వేల శాంపిళ్లు) వద్ద 1024 శాంపిళ్ల బఫర్ ఒక్కటే 21 మిల్లీసెకన్లకు పైగా ఆలస్యం తెస్తుంది; 128కి తగ్గిస్తే అది 3 మిల్లీసెకన్ల లోపే. విండోస్‌లో ఇంటర్‌ఫేస్ తయారీదారు ఇచ్చిన ఆసియో డ్రైవరే (ఆలస్యాన్ని తగ్గించే డ్రైవర్) వాడండి. ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటరింగ్ (గొంతును కంప్యూటర్ గుండా కాక నేరుగా హెడ్‌ఫోన్‌కు పంపే సౌకర్యం) ఉంటే ఈ సమస్యే ఉండదు.

అపోహ: 96 కిలోహెర్ట్జ్‌లో రికార్డు చేయకపోతే నాణ్యత ఉండదు.

వాస్తవం: 44.1 కిలోహెర్ట్జే మనిషి చెవి వినగలిగినదంతా పట్టుకుంటుంది. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ పెట్టుకుని ఈ చర్చ వదిలేయండి.

అపోహ: మంచి ట్యూనింగ్ ప్లగిన్ ఉన్న సాఫ్ట్‌వేర్ అయితే శ్రుతి అదే చూసుకుంటుంది.

వాస్తవం: శాస్త్రీయ సంగీతం పాడేవారు దీని విషయంలో జాగ్రత్తగా ఉండాలి. క్రోమాటిక్ స్కేలులో (పన్నెండు స్వరస్థానాలూ ఉన్న అమరిక), వేగవంతమైన సవరణతో వదిలేస్తే ప్లగిన్ గమకాన్ని తప్పుగా భావించి, దగ్గరలో ఉన్న స్వరస్థానానికి లాగి బిగిస్తుంది. ఊగుతూ ఉండవలసిన తోడి గాంధారం మెట్లు మెట్లుగా విరిగిపోతుంది. సవరణ తప్పనిసరైతే అవసరమైన స్వరాన్ని మాత్రమే ఎంచుకుని, చేతితో, తక్కువ మోతాదులో చేయాలి.

అపోహ: క్రాక్ వెర్షన్‌తో నష్టమేమీ లేదు, అందరూ వాడుతున్నారు.

వాస్తవం: యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని చెప్పే ఫైలును మీ బ్యాంకు, మెయిల్ పాస్‌వర్డులున్న యంత్రంలోకి రానివ్వకండి. డబ్బు లేకపోవడం తప్పేమీ కాదు, చట్టబద్ధమైన దారులు చాలినన్ని ఉన్నాయి. మ్యాక్‌లో గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం. రీపర్‌ను 60 రోజులు పూర్తి స్థాయిలో పరీక్షించుకోవచ్చు, ఆ తర్వాత చిన్న ఆదాయం ఉన్నవారికి లైసెన్సు 60 డాలర్లు. ప్రోటూల్స్ పేరే కావాలనుకుంటే ప్రోటూల్స్ ఇంట్రో 8 ఆడియో ట్రాకులతో ఉచితంగా దొరుకుతుంది. ఎఫ్ఎల్ స్టూడియో ట్రయల్ వాడేవారు మాత్రం ఒకటి గుర్తుంచుకోవాలి: ప్రాజెక్టును సేవ్ చేయనిస్తుంది, మూసేశాక తిరిగి పూర్తిగా తెరవనివ్వదు. ఆ సంగతి తెలియక రాత్రంతా చేసిన పాటను పోగొట్టుకున్న కుర్రాళ్లు నాకు తెలుసు.

ఇక ఎంచుకోవడం ఎలా? ముందు మీ కంప్యూటర్ ఏదో చూడండి. మైకుతో పాడడమే ప్రధానమైతే టేకులను తేలికగా కత్తిరించి అతికించగలిగినది, బీట్లు కట్టడమే ప్రధానమైతే ప్యాటర్న్‌లు సులువైనది తీసుకోండి. ఖండచాపు, మిశ్రచాపులకు గ్రిడ్‌ను 5/8, 7/8గా మార్చుకోగలరో లేదో ట్రయల్‌లోనే చూసుకోండి. మీకు తెలిసినవారు, సందేహం వస్తే ఫోన్‌లో చెప్పగలిగినవారు వాడుతున్నది ఏదో కనుక్కోండి. నా దృష్టిలో మిగిలిన లెక్కలన్నిటికంటే ఇదే ముఖ్యం.

స్టూడియోవారు మీ ఫైలు తీసుకోరన్న భయం కూడా వదిలేయండి. మాకు మీ ప్రాజెక్టు ఫైలు అవసరం లేదు. ప్రతి ట్రాకునూ పాట మొదటి క్షణం నుంచే మొదలయ్యేలా విడివిడిగా 24 బిట్ వేవ్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి, గొంతు ట్రాకు మీద రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్టు) తీసేసి, టెంపో, శ్రుతి ఒక కాగితం మీద రాసి ఫొటో తీసి జత చేస్తే చాలు.