"నొప్పేం లేదండీ" అనే పేషెంటు గురించి

పిల్లలూ,

డెంటల్ హైజీనిస్ట్ కోర్సులో చేరిన మీ బ్యాచ్‌కి చిగుళ్ల జబ్బు గురించి ఒక క్లాసు చెప్పమని మీ మేడం అడిగారు. మోకాళ్లు సహకరించక మెట్లెక్కి రాలేను, అందుకే ఈ ఉత్తరం. పుస్తకంలో ఉన్నదంతా మళ్లీ చెప్పను. కుర్చీలో కూర్చున్న మనిషి నోటివెంట మీరు రోజూ వినబోయే మాట ఒకటుంది: "నొప్పేం లేదండీ, తోముకుంటే కాస్త రక్తం వస్తుంది, అంతే."

పిప్పి పన్నయితే మనిషిని అర్ధరాత్రి లేపి కూర్చోబెడుతుంది. చిగుళ్ల జబ్బు అలా చేయదు. చాలామందిలో ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా ఎముకను కరిగించి, పన్ను కదిలాక గానీ సంగతి తెలియనివ్వదు. అందుకే ఆ "అంతే" దగ్గర మీరు ఆగాలి.

రక్తం ఎందుకొస్తుందో తేల్చినవాళ్లలో మీలాంటి విద్యార్థులే ఉన్నారు. డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హరాల్డ్ లో (ఇది ఆయన ఇంటిపేరండోయ్, విభక్తి కాదు) పన్నెండుమందిని పళ్లు తోమడం మానేయమన్నాడు. వాళ్లలో తొమ్మిదిమంది డెంటల్ విద్యార్థులు. పది రోజుల నుంచి మూడు వారాల లోపు అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టిన సుమారు వారం రోజులకు అందరికీ తగ్గిపోయింది. 1965లో అచ్చయిన ఆ పరిశోధనతోనే పాచికీ చిగుళ్ల వాపుకీ ఉన్న లంకె గట్టిగా రుజువైంది. మీరు మాత్రం ఇంట్లో ఈ ప్రయోగం చేయకండి, పక్కన కూర్చునేవాళ్ల మీద దయుంచి.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. అదే లో, తన బృందంతో శ్రీలంక తేయాకు తోటల్లో పనిచేసే 480 మంది మగ కూలీలను 1970 నుంచి పదిహేనేళ్లు గమనించాడు. వాళ్లకు పళ్లు తోమే అలవాటు లేదు, పళ్ల డాక్టరు అందుబాటులో లేడు. అందరి నోళ్లలోనూ పాచి, అది గట్టిపడి ఏర్పడే గార. కానీ దాదాపు ఎనిమిది శాతం మందికి జబ్బు వేగంగా ముదిరి పళ్లు ఊడాయి, ఎనభై ఒక శాతం మందికి మధ్యరకంగా నడిచింది, మిగతా పదకొండు శాతం మందికి చిగుళ్ల వాపు దాటి ముందుకే పోలేదు. మురికి ఒకటే, జబ్బు ఒకటి కాదు. పాచిలోని బాక్టీరియా తగువు మొదలుపెడుతుంది. దాన్ని తరమబోయి మన ఒళ్లే ఎముకను కరిగించుకుంటుంది. ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు. ఆ మంట ఎంత పెద్దదవుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది.

ఇది నాకు తలకెక్కడానికి కొన్నేళ్లు పట్టింది. కొత్తలో ఒకావిడ నోరు చూసి "ఏంటమ్మా, పళ్లు తోమరా?" అనేశాను. ఆవిడ ముఖం చిన్నబోయింది, మళ్లీ రాలేదు. తర్వాత చాలామందిని అడిగితే తెలిసింది, రక్తం వచ్చే చోట బ్రష్ తగిలితే పుండవుతుందని భయపడి ఆ వైపు వదిలేస్తారట. వదిలేసిన చోట పాచి పెరుగుతుంది, రక్తం ఇంకా ఎక్కువ వస్తుంది. ఆవిడదీ అదే భయమేమో, నేను అడగలేదు. మీరు అడగండి. "రక్తం వచ్చే చోటే మెత్తటి బ్రష్‌తో, చిగురు అంచున వాలుగా పెట్టి, నెమ్మదిగా తోమండి. కొద్ది రోజుల్లో తేడా మీకే తెలుస్తుంది" అని అద్దం చేతికిచ్చి చూపించండి. పన్ను చిగురుకి, మొక్క చిగురుకి మనవాళ్లు ఒకే మాట పెట్టారు, రెండూ గట్టిగా రుద్దితే తట్టుకోవు.

ఇక ప్రోబ్, అంటే చిగురుకీ పన్నుకీ మధ్య లోతు కొలిచే గీతల పుల్ల. పన్ను చుట్టూ ఆరు చోట్ల కొలవాలి. మూడు మిల్లీమీటర్ల లోపు లోతు మామూలే, నాలుగు, ఆపైన కనిపిస్తే పాకెట్ (చిగురు పన్నును వదిలి ఏర్పడిన సంచి) అనుకుని జాగ్రత్తగా చూడాలి. ప్రోబ్ మీద మోపే బరువు ఇరవై, ఇరవై అయిదు గ్రాములు మించకూడదు. ప్రోబ్ కొసను మీ బొటనవేలి గోటి కింద ఆనించి నొక్కండి. చర్మం తెల్లబడాలి గానీ నొప్పి పుట్టకూడదు. మొదటి నెల రోజూ పొద్దున్నే అలా నొక్కి చూసుకుంటే చేతికి అలవాటవుతుంది.

ఒక చోట మీరు మోసపోతారు. సిగరెట్టో బీడీయో కాల్చేవాళ్లకు చిగుళ్లు అంతగా ఎర్రబడవు, రక్తమూ తక్కువే వస్తుంది. పైకి బాగానే కనిపిస్తాయి. ప్రోబ్ మాత్రం ఏడు మిల్లీమీటర్లు లోపలికి దిగిపోతుంది. షుగరున్నవాళ్లకు జబ్బు త్వరగా ముదురుతుంది, జబ్బు ముదిరితే షుగరూ లొంగదు. చిగుళ్లకు వైద్యం చేశాక మూడు, నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (రెండు, మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష) సగటున 0.4 శాతం వరకు తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. అందుకని కేస్ షీట్‌లో పొగ, షుగరు గురించిన ఆ రెండు ప్రశ్నలూ ఖాళీగా వదలొద్దు.

"క్లీనింగ్ చేయిస్తే పళ్లు కదిలిపోతాయి, సందులొస్తాయి" అని ప్రతివాళ్లూ అంటారు. వాళ్లను చూసి నవ్వకండి, వాళ్లు చూసింది నిజమే. కింది ముందు పళ్ల వెనకాల గార గోడ కట్టినట్టు ఉంటుంది, నాలుక కింద ఉమ్మి ఊరే గొట్టాల నోళ్లు అక్కడే ఉన్నాయి కనుక. ఎముక పోయిన పళ్లను ఆ గారే ఒకదానికొకటి అతికించి ఉంచుతుంది. అది తీశాక కదలిక బయటపడుతుంది, వాపు తగ్గిన చిగురు వెనక్కి జరిగి సందు కనిపిస్తుంది. కొన్నాళ్లు చల్లనివి జివ్వుమంటాయి కూడా. ఈ మాటలన్నీ గార గీకే స్కేలర్ చేతిలోకి తీసుకోకముందే చెప్పండి. ముందు చెబితే వివరణ, తర్వాత చెబితే సాకు.

ఇంకో పని. మొదటి ప్రాక్టికల్ నాటికి, పాచికి రంగు పట్టే మందు మీ ల్యాబులో అడిగి తీసుకుని మీ పళ్లకే పూసుకోండి. పుక్కిలించి అద్దంలో చూడండి. నలభై ఏళ్లు ఇదే పని చేసిన నాకు ఇప్పటికీ కుడివైపు కింది దవడ పళ్ల లోపల గులాబీ గీత కనిపిస్తూనే ఉంటుంది. మీ గీత ఎక్కడుందో ఒక కాగితం మీద గీసి, మీ మేడంతో నాకు పంపించండి.

మీ పాత టీచరమ్మ