మంచు మీద వట్టి కాళ్ళతో

అలాస్కాలోని ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. మంచుబళ్ళు లాగి వయసు మళ్ళిన ఒక కుక్కను వాళ్ళు తెచ్చి పెంచుకుంటున్నారు. "బయట మైనస్ 30 డిగ్రీలు. రెండు జతల మేజోళ్ళ మీద బూట్లు వేసుకున్నా నేను కాసేపు నిలబడలేను. ఇది వట్టి కాళ్ళతో మంచులో నిలబడి దిక్కులు చూస్తుంది, పిలిచినా లోపలికి రాదు. దాని పాదాలు ఎందుకు గడ్డకట్టవు?" అని అడిగారు. ఇంత మంచి ప్రశ్న వచ్చి చాలా రోజులైంది.

అది ఏ జాతి అని కూడా అడిగారు. అలాస్కన్ హస్కీ అంటారు కానీ అది జాతి కాదు, పరుగును, ఓపికను చూసి తరతరాలుగా కలుపుతూ వచ్చిన సంకరం. 2010లో వెలువడిన ఒక జన్యు అధ్యయనం వీటిలో సైబీరియన్ హస్కీ, మాలమ్యూట్ అనే మంచుదేశపు కుక్కల వారసత్వంతో పాటు పాయింటర్ అనే వేటకుక్కది, అనటోలియన్ షెపర్డ్ అనే కాపలా కుక్కది కూడా గుర్తించింది. మీరు పంపిన ఫొటోలో నిక్క చెవులు, వీపు మీదికి చుట్టుకున్న తోక స్పిట్జ్ వంశానివి. మన ఊళ్ళలో కనిపించే పామరేనియన్ కూడా ఆ వంశంలోదే.

ఒంటి సంగతి తేలిగ్గానే అర్థమవుతుంది. పైన ముతక వెంట్రుకలు, లోపల దూది లాంటి నూగు, ఆ నూగులో కదలని గాలి. 1950లో షోలాండర్ అనే శాస్త్రవేత్త బృందం అలాస్కాలోని పాయింట్ బారోలో చేసిన కొలతలను ప్రచురించింది. మైనస్ 40 దగ్గరకు వచ్చేదాకా ఆర్కిటిక్ నక్క ఒంట్లో అదనంగా ఇంధనం మండించాల్సిన అవసరమే రాలేదు. కానీ అరికాలికి బొచ్చు కోటు లేదు. అక్కడికి రక్తం పంపకపోతే పాదం చచ్చిపోతుంది, పంపితే ఒంటి వేడంతా మంచు పాలవుతుంది.

ఈ చిక్కును విప్పే ఏర్పాటు నాకు ప్రాణం. వేడిని డబ్బు అనుకుందాం, డిగ్రీకి ఒక రూపాయి. గుండె నుంచి బయలుదేరే రక్తపు బొట్టు జేబులో 38 రూపాయలు ఉంటాయి. దారి చివర, పాదం దగ్గర, మంచు అనే దొంగ ఉన్నదంతా లాక్కుంటాడు. తిరిగివచ్చే బొట్టు జేబు ఖాళీ. ఇప్పుడు పోయే దారిని, వచ్చే దారిని ఆనించి వేద్దాం. పక్కపక్కన నడిచేవాళ్ళలో ఎక్కువ ఉన్నవాడు తక్కువ ఉన్నవాడికి ఇస్తాడన్నది నియమం. ఇద్దరూ ఒకే దిక్కుకు నడిస్తే 38, సున్నా కలిసి చెరో 19 దగ్గర సమానమవుతారు. ఇక ఇచ్చిపుచ్చుకోవడం ఆగిపోతుంది. సగమే మిగిలింది.

ఎదురెదురుగా నడిపించి చూడండి. గడప దగ్గర 38తో బయలుదేరినవాడికి, అప్పటికే దారి పొడవునా పోగుచేసుకుని 36తో ఇల్లు చేరబోతున్నవాడు ఎదురవుతాడు. నడిదారిలో 20 ఉన్నవాడికి 18 ఉన్నవాడు, పాదం దగ్గర 2 ఉన్నవాడికి ఏమీ లేనివాడు. ఎక్కడ చూసినా తేడా రెండు రూపాయలే, కానీ ఆ తేడా ఎక్కడా తెగిపోదు కాబట్టి ఇవ్వడమూ ఆగదు. దొంగకు దక్కేది రెండు రూపాయలు, ఇంటికి తిరిగి చేరేది 36! లెక్క కోసం నేను వేసుకున్న అంకెలే అయినా పద్ధతి ఇదే. ఇంజనీరింగ్ తరగతుల్లో ఈ పాఠాన్ని వేడి ఇచ్చిపుచ్చుకునే ఉక్కు గొట్టాల బొమ్మలతో, లాగరిథమ్ సూత్రంతో మొదలుపెడతారు. కుక్క పాదంతో మొదలుపెడితే ఏ విద్యార్థీ జీవితాంతం మరచిపోడు.

2011లో జపాన్ పరిశోధకులు కుక్క పాదాల రక్తనాళాల్లోకి రెసిన్ అనే గట్టిపడే జిగురు ఎక్కించి, కండను కరిగించి, మిగిలిన అచ్చును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూశారు. పోయే దారులైన ధమనుల చుట్టూ వచ్చే దారులైన సన్నని సిరలు వలలా అల్లుకుని ఉన్నాయి. కేశనాళికలను తప్పించి ధమనిని నేరుగా సిరతో కలిపే అడ్డదారులు కూడా ఉన్నాయి. పాదం మరీ చల్లబడితే అవి తెరుచుకుని వెచ్చని రక్తాన్ని దండిగా వదులుతాయి. అంతకు చాలాముందు, 1972లో, తోడేలు, ఆర్కిటిక్ నక్క పాదాలను మైనస్ 35 డిగ్రీల ద్రవంలో ముంచి చూసినప్పుడు అరికాలు మైనస్ 1 దగ్గర, కణజాలం గడ్డకట్టే అంచుకు కొంచెం పైన, నిలిచింది. అంటే మీ కుక్క పాదం వెచ్చగా ఉండడం వల్ల బతకడం లేదు. చల్లగా ఉండనివ్వడం వల్ల ఒళ్ళంతా బతుకుతోంది.

అందుకే ఇంటికి రాగానే పాదాలను హీటరు దగ్గర పెట్టకండి. పందేల్లో కుక్కలకు తొడిగే గుడ్డ బూట్లు ప్రధానంగా రాపిడి నుంచి, వేళ్ళ మధ్య పేరుకునే మంచు ఉండల నుంచి కాపాడడానికే. అలాస్కాలో జరిగే ఇడిటరాడ్ మంచుబళ్ళ పందెంలో కుక్కకు 8 బూట్ల చొప్పున వెంట ఉండాలని నియమం. దారుల మీద ఉప్పు చల్లే ఊళ్ళకు వెళితే మాత్రం జాగ్రత్త. కుల్ఫీ కుండ చుట్టూ ఐసులో ఉప్పు ఎందుకు వేస్తారో మనకు తెలుసు. కరిగే ఐసు ఇంకా చల్లబడుతుంది. ఆ ఉప్పునీరు తడిలేని మామూలు మంచు కంటే వేగంగా వేడిని లాగేస్తుంది, చర్మాన్ని కూడా మండిస్తుంది. గోరువెచ్చని నీళ్ళతో కడిగి వేళ్ళ సందులు తుడవండి.

వేసవిలో బొచ్చు గొరిగించమని ఎవరైనా చెబితే వినకండి. చర్మానికి ఎండ తగలకుండా కాపాడేది అదే, ఈ రకం కుక్కల్లో కొన్నిసార్లు నెలల తరబడి తిరిగి మొలవదు కూడా. పగటి పొడవు మారినప్పుడు నూగు దానంతటదే రాలుతుంది, దువ్వడమే మన పని. ఒంటిని చల్లబరిచే స్వేదగ్రంథులు దానికి పాదాల్లోనే ఉన్నాయి, మిగతా పనంతా నాలుక చాచి వగర్చడంతోనే.

రాత్రిళ్ళు అది ఊళ వేస్తే, గుంటూరు నుంచి వచ్చిన మీ అత్తగారు చావు కబురని భయపడుతున్నారని రాశారు. తోడేళ్ళు దూరాన ఉన్న తోటివాటిని పలకరించే గొంతే అదని ఆమెకు నెమ్మదిగా చెప్పండి. మర్నాడు అది లోపలికి వచ్చినప్పుడు ఆమెనే పక్కన కూర్చోబెట్టుకోండి. ఒక చేయి దాని అరికాలి మీద, ఇంకో చేయి తొడ లోపలివైపు వేసి చూడమనండి. ఒక చేతి కింద మంచుగడ్డ, ఇంకో చేతి కింద కుంపటి. మధ్యలో ఉన్నది జానెడు కాలు.