డచ్ హైబ్రిడ్ హీట్ పంప్: వ్యాపారం తేదీ మీద నిలబడింది, తేదీ పోయింది

2026 వచ్చింది కానీ, ఆ ఏడాది నుంచి నెదర్లాండ్స్‌లో అమలు కావాల్సిన హీటింగ్ నిబంధన రాలేదు. 2027 జనవరి 1 నుంచి సోలార్ ఇళ్లకు నెట్ మీటరింగ్, అంటే గ్రిడ్‌కు పంపిన కరెంటును తమ వాడకంలో సరిపెట్టుకునే వీలు, కూడా పోతోంది. దాంతో హీట్ పంప్‌ను తప్పనిసరి చేయాలా వద్దా అన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది. దేశ ఉత్తరాన గ్రోనింగెన్ క్షేత్రంలో గ్యాస్ తీయడం వల్ల భూప్రకంపనలు రావడంతో 2023 అక్టోబరులో అక్కడ ఉత్పత్తి ఆపేశారు. అయితే ఇప్పటి పేచీకి మూలం 2022 మే నెలలో ఉంది.

2026 నుంచి పాత గ్యాస్ బాయిలర్ మార్చేవాళ్లు కనీసం హైబ్రిడ్ హీట్ పంప్ పెట్టుకోవాలని గృహనిర్మాణ మంత్రి హ్యూగో డి యోంగ, వాతావరణ మంత్రి రాబ్ యెట్టెన్ అప్పుడు ప్రకటించారు. బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి లాగే చిన్న పంప్, పక్కన మామూలు బాయిలర్: హైబ్రిడ్ అంటే ఇంతే. ఏడాదిలో ఎక్కువ రోజులు పంపే ఇంటిని వెచ్చగా ఉంచుతుంది. గడ్డకట్టే చలిలోనూ, స్నానాల వేడినీళ్లకూ బాయిలర్ పని చేస్తుంది.

ఏటా సుమారు 4 లక్షల బాయిలర్లు మారే దేశంలో అలాంటి తేదీ చేతికందితే కంపెనీలు ఊరుకుంటాయా? తయారీ పెంచాయి, ఇన్‌స్టాలర్లకు శిక్షణ ఇచ్చాయి. ఖర్చులో దాదాపు 30 శాతం ప్రభుత్వ సబ్సిడీ. బాయిలర్‌ను నెలవారీ అద్దెకు తీసుకోవడం అక్కడ చాలా ఇళ్లకు అలవాటే కాబట్టి పంప్‌నూ అలాగే ఇవ్వొచ్చు. పెట్టుబడి కంపెనీది, రాబడి ఏళ్ల తరబడి అద్దె రూపంలో. ఇళ్ల సంఖ్య పెరిగితేనే బిగింపు ఖర్చు దిగుతుంది, అద్దె గిట్టుబాటవుతుంది.

2024 మేలో నాలుగు పార్టీల కూటమి ఒప్పందం ఆ నిబంధనను కొట్టేసింది. ఎవరింట్లో ఏం పెట్టుకోవాలో వాళ్లిష్టం, బలవంతం వద్దు అన్నది వాళ్ల వాదన. కరెంటు లైన్ల మీద ఇప్పటికే భారం ఎక్కువైందన్న మాట కూడా వినిపించింది. అయితే కడు చలిరోజున భారాన్ని బాయిలర్‌కు వదిలేసేది హైబ్రిడ్డే.

బాయిలర్ చెడిపోయేది ఎక్కువగా చలికాలంలోనే. పిల్లలతో వణుకుతున్న ఇంటివాళ్లు సబ్సిడీ లెక్కలు వేస్తూ కూర్చోరు, రేపటికల్లా వేడి కావాలంటారు. ఇన్‌స్టాలర్ వ్యాన్‌లో ఉన్న బాయిలరే గోడకెక్కుతుంది. నిబంధన ఉంటే ఆ వ్యాన్‌లో పంప్ కూడా ఉండేది. అది లేకపోయాక ప్రతి ఇంటినీ విడిగా ఒప్పించాల్సి వస్తోంది, ఆ ఖర్చంతా అద్దెలోకే చేరుతుంది.

2025 అక్టోబరు ఎన్నికల్లో యెట్టెన్ పార్టీ డీ66కే అందరికంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఈలోగా నెట్ మీటరింగ్ గడువు దగ్గరపడుతోంది. వేసవిలో గ్రిడ్‌కు పంపిన సోలార్ కరెంటును చలికాలపు పంప్ వాడకంలో సరిపెట్టుకోవడం ఇక కుదరదు కాబట్టి, ఆ లెక్కతో ఇంటివాళ్లకు చూపించిన పొదుపు అంకెలన్నీ మళ్లీ వేయాలి.