కారు స్టీరింగ్‌తో విమానం

మా మేనల్లుడు హాస్టల్‌కి వెళ్తూ తన రేసింగ్ గేమ్ స్టీరింగ్‌ని మా ఇంట్లో పడేసి పోయాడు. టేబుల్ అంచుకి బిగించుకునే చక్రం, కింద బ్రేకు, యాక్సిలరేటర్ పెడళ్లు, చక్రం వెనక గేర్లు మార్చడానికి చెవుల్లాంటి రెండు మీటలు. నాకు కార్ల ఆటలు ఎక్కవు. ల్యాప్‌టాప్‌లో ఫ్లైట్‌గేర్ అనే ఉచిత విమాన సిమ్యులేటర్ మాత్రం ఎప్పటినుంచో ఉంది. జాయ్‌స్టిక్ కొనడానికి చేతులు రాక మౌస్‌తోనే నెట్టుకొస్తున్నాను. విమానంలోనూ చక్రం లాంటిదే ఉంటుంది కదా, దీన్నే తగిలిద్దాం అనుకున్నాను.

తగిలించడం పెద్ద పనేం కాదు. యూఎస్‌బీలో గుచ్చగానే పరికరం తన గురించి తానే చెప్పుకుంటుంది: నా దగ్గర అటూ ఇటూ కదిలేవి ఇన్ని, నొక్కేవి ఇన్ని అని. అది చక్రమా, కర్రా, డాన్స్ చేసే చాపా అన్నది సిమ్యులేటర్‌కి అక్కర్లేదు. దానికి కావలసింది ఒక అంకె. విమానాన్ని అటూ ఇటూ ఒరిగించడానికి రెక్కల చివర ఉండే కదిలే పలకలకి, అంటే ఎయిలరాన్లకి, ఫ్లైట్‌గేర్ లోపల మైనస్ 1 నుంచి ప్లస్ 1 దాకా ఒక విలువ ఉంటుంది. చక్రాన్ని ఎడమ కొసకి తిప్పితే మైనస్ 1, కుడి కొసకి తిప్పితే ప్లస్ 1, వదిలేస్తే స్ప్రింగు లాగి సున్నా దగ్గర నిలబెడుతుంది. ఆ అంకె గుమ్మడికాయ దొర్లించి పంపినా విమానం కాదనదు.

రెండు పెడళ్లనీ కలిపి, ముక్కుని పక్కలకి తిప్పే తోకమీది పలకకి, అంటే రడ్డర్‌కి ఇచ్చాను: బ్రేకు ఎడమకి, యాక్సిలరేటర్ కుడికి. అసలు విమానంలో ఒక పెడల్ లోపలికి పోతే రెండోది బయటికి వస్తుంది. నా దాంట్లో రెండూ ఒకేసారి తొక్కొచ్చు, అప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుని సున్నా అవుతుంది. ఇక ముక్కు పైకీ కిందికీ ఆడించడానికి చక్రాన్ని లాగాలి, తొయ్యాలి. కారు చక్రం లాగితే టేబుల్ వస్తుంది. అందుకని గేరు మీటల్ని ట్రిమ్‌కి (ముక్కుని కావలసిన ఎత్తులో నిలిపే సర్దుబాటుకి) ఇచ్చాను, ఒక్కో నొక్కుకి కాస్త కాస్త ముక్కు ఎత్తేలా, దించేలా.

బేగంపేట రన్‌వే మీద చిన్న సెస్నా 172ని నిలబెట్టి బయల్దేరాను. మొదటి అవమానం నేలమీదే. విమానం కాస్త ఎడమకి లాగుతోంది, చక్రం కుడికి తిప్పాను. అది పట్టించుకోకుండా గడ్డిలోకి పోయింది. సెస్నాని నేలమీద తిప్పేది కాళ్లతో, చేతులతో కాదు. ఫ్లైయింగ్ స్కూల్లో కొత్తగా చేరినవాళ్లూ ఇదే చేస్తారని నాకు ముందే తెలుసు. తెలిసినా చేతులు ఆగలేదు.

రెండోసారి గాల్లోకి లేచాను. కుడికి, హుస్సేన్ సాగర్ మీదికి తిరుగుదామని చక్రాన్ని కారులో తిప్పినట్టే తిప్పి పట్టుకున్నాను. విమానం ఒరిగింది, ఇంకా ఒరిగింది, తలకిందులైంది. సాగర్ దాకా పోలేదు.

తప్పు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది. కారులో చక్రాన్ని ఎంత తిప్పి ఉంచితే బండి అంత వంపులో పోతూ ఉంటుంది. విమానంలో చక్రం చెప్పేది ఎంత ఒరగాలని కాదు, ఎంత వేగంగా ఒరుగుతూ పోవాలని. కావలసినంత ఒరిగాక చక్రాన్ని మధ్యకి తెచ్చెయ్యాలి. మలుపు అయ్యాక ఎదురు తిప్పి, మళ్లీ మధ్యకి తేవాలి. అంటే మలుపు తిరుగుతున్నంతసేపూ చక్రం దాదాపు తిన్నగానే ఉంటుంది!

కుళాయి, బిందె అనుకోండి. చక్రం కుళాయి, ఒరుగు బిందెలో నీళ్లు. బిందె నిండాలంటే కుళాయి విప్పి కూర్చోవాలి, చాలనుకోగానే కట్టెయ్యాలి. ఇక్కడితో అయిపోతే బాగుండేది. ఆ ఒరుగే ఇంకో బిందెకి కుళాయి: ఒరిగినంతసేపూ దిశ మారుతూ పోతుంది. ఆ దిశేమో మూడో బిందెకి కుళాయి: ముక్కు కాస్త పక్కకి చూస్తున్నంతసేపూ రన్‌వే గీత నుంచి దూరం జరుగుతూనే ఉంటుంది. మొదటి కుళాయి తిప్పి మూడో బిందెలో నీటిమట్టం సరిచెయ్యడమే ల్యాండింగ్. కొత్తవాడు రన్‌వే ముందు పాములా మెలికలు తిరిగేది ఇందుకే. మౌస్‌తో ఇన్నాళ్లూ ఈ ఇబ్బంది ఇంతగా రాలేదు, ఎందుకంటే మౌస్ నాకు కారుని గుర్తుచెయ్యదు. మరీ వింత పరికరమైతే చెయ్యి మొదట్నుంచి నేర్చుకుంటుంది. తెలిసినట్టు కనిపించేదే కొంప ముంచుతుంది.

దీనికి ఆలస్యం కూడా తోడైతే టెన్షనే. గీజర్ కుళాయి తెలిసిందే కదా. వేణ్ణీళ్లు రావట్లేదని ఇంకా తిప్పుతాం, ఒక్కసారిగా కాలుతుంది, గబుక్కున కట్టేస్తాం, మళ్లీ చన్నీళ్లు. పైలట్లకీ ఇదే జరుగుతుంది. 1974 జనవరి 20న అమెరికాలోని ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరంలో వైఎఫ్-16 అనే కొత్త ఫైటర్‌ని నేలమీద వేగంగా పరుగెత్తించి పరీక్షిస్తున్నారు. దాని కర్ర కదలదు, చెయ్యి ఎంత బలంగా నొక్కిందో మాత్రమే కొలుస్తుంది. విమానం ఉన్నట్టుండి అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. పైలట్ ఆపబోయినకొద్దీ ఊపు పెరిగింది. నేలమీద ఉంటే విరిగిపోతుందని ఆ పైలట్ ఫిల్ ఓస్ట్రైకర్ దాన్ని గాల్లోకే లేపేశాడు. అనుకోని ఆ తొలి ప్రయాణం సుమారు 6 నిమిషాలు. తర్వాత ఆ కర్రకి కొద్దిగా కదలిక ఇచ్చారు. చేతికి ఏదో ఒకటి తెలియాలి మరి.

అసలు చెయ్యే లేకపోతే? 2004లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో థామస్ డిమార్స్ ఎలుక మెదడు నుంచి తీసిన దాదాపు 25,000 కణాలని 60 ఎలక్ట్రోడ్లున్న గిన్నెలో పెంచి, వాటిని ఎఫ్-22 ఫైటర్ సిమ్యులేటర్‌కి కలిపాడు. విమానం ఎటు ఒరిగిందో కరెంటు తాకిడిగా గిన్నెకి చెప్పడం, కణాల స్పందనని అంకెగా మార్చి విమానానికి పంపడం, అంతే. మొదట తడబడినా రానురాను ఆ గిన్నె విమానాన్ని తిన్నగా నిలపగలిగింది. ఎగురుతున్నానన్న ఊహ దానికి ఉందని నేననుకోను. దాని లోకమంతా ఒక తాకిడి, ఒక జవాబు.

పిట్స్‌బర్గ్‌లో జాన్ షూర్‌మన్ కథ వేరు. మెడ కింద కదలికలు పోయిన ఆమెకి 2012లో మెదడు మీద రెండు చిన్న ఎలక్ట్రోడ్ పలకలు అమర్చారు. వాటితో రోబో చేతిని కదిపి చాక్లెట్ తింది. తర్వాత ఎఫ్-35 సిమ్యులేటర్ నడిపింది. అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ డార్పాకి అప్పటి అధిపతి ఆరతీ ప్రభాకర్ చెప్పిన ఒక మాట నాకు బాగా పట్టుకుంది: ఆమె కర్రని కదుపుతున్నట్టు ఊహించుకోలేదట, నేరుగా విమానాన్నే తలుచుకుందట. అలవాటు అడ్డం రాలేదన్నమాట.

అలవాటు లేని పరికరంతో నిజం విమానాన్ని నడపాల్సి వస్తే ఏమవుతుందో 1989 జులై 19న తెలిసింది. డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232, మూడింజిన్ల డీసీ-10. తోకలోని ఇంజిన్ పగిలి, ముక్కలు తగిలి మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. యోక్ (పైలట్ చేతిలోని చక్రం) ఎటు తిప్పినా రెక్కల మీద ఏదీ కదలదు. మిగిలినవి రెక్కల కింది రెండింజిన్ల శక్తిని పెంచి తగ్గించే థ్రాటిల్ మీటలే. ప్రయాణికుడిగా కూర్చున్న శిక్షకుడు డెన్నీ ఫిచ్ వచ్చి వాటిని పట్టుకున్నాడు. ఒకటి పెంచి, ఒకటి తగ్గించి తిప్పాలి. విమానం ఉయ్యాలలా ముక్కు దించుతూ, ఎత్తుతూ పోతోంది. ముక్కు దిగి వేగం పెరుగుతున్నప్పుడు ఇంజిన్ ఇంకా పెంచాలి, ముక్కు లేచి వేగం తగ్గుతున్నప్పుడు తగ్గించాలి. ఇంజిన్లు రెక్కల కింద ఉన్నాయి కాబట్టి వాటి తోపు ముక్కుని పైకెత్తుతుంది. బుద్ధి చెప్పేదానికి పూర్తిగా ఎదురు. సుమారు 44 నిమిషాలు అలా లాక్కొచ్చి సూ సిటీలో దించారు. విమానం ముక్కలైంది, 296 మందిలో 184 మంది బతికారు. తర్వాత అదే పరిస్థితిని సిమ్యులేటర్‌లో పెట్టి పైలట్లని కూర్చోబెట్టారు. ఇలా క్షేమంగా దించడం దాదాపు అసాధ్యమని విచారణలో తేలింది.

నాసా వాళ్లు మీటల్ని మనిషికి వదలకుండా కంప్యూటర్‌కి అప్పగించారు. పైలట్ చిన్న మరలు తిప్పి ఎటు పోవాలో, ఎంత దిగాలో చెప్తే చాలు, ఇంజిన్ల సంగతి అది చూసుకుంటుంది. 1995 ఆగస్టులో పైలట్ గోర్డన్ ఫుల్లర్టన్ ఎమ్‌డీ-11 అనే పెద్ద జెట్‌ని అలా ఇంజిన్లతోనే మెత్తగా దించాడు. బిందెల లెక్క యంత్రం వేసుకుంది, మనిషికి ఆఖరి బిందె ఒక్కటే మిగిలింది.

నాకు ఆగలేదు. పెడళ్లని విడగొట్టి బ్రేకుని ఎడమ ఇంజిన్‌కి, యాక్సిలరేటర్‌ని కుడి ఇంజిన్‌కి ఇచ్చి, రెండింజిన్ల జెట్‌లో చక్రం ముట్టుకోకుండా కూర్చున్నాను. కాలు తీస్తే స్ప్రింగు పెడల్‌ని వెనక్కి తోస్తుంది, ఇంజిన్ చల్లబడుతుంది. అందుకని రెండు కాళ్లూ సగం తొక్కి పట్టి ఉంచాలి. పది నిమిషాలకే పిక్కలు పట్టేశాయి. ముక్కు దిగినప్పుడల్లా కాలు దానంతటదే లేచిపోతోంది. పదకొండుసార్లు ప్రయత్నిస్తే ఒక్కసారి శంషాబాద్ రన్‌వే కనిపించేంత దూరం వచ్చాను, అదీ అడ్డంగా.

నిన్న మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, ఆ స్టీరింగ్ పార్సిల్ చెయ్యవూ" అన్నాడు. చక్రం పంపిస్తాను, పెడళ్లు ఇంకో నెల ఉండనీరా అన్నాను.