పచ్చిక కింద దాగిన స్టేడియం

అంతర్జాతీయ ఫుట్‌బాల్ పోటీలకు వాడే మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. అంత నేల మీద ఒక్క గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 3,57,000 లీటర్ల నీరు చేరుతుంది. శ్రీకాకుళంలో వాయుగుండం పట్టిన రోజున ఇలాంటి జడివాన కురవొచ్చు. నా దృష్టిలో మంచి స్టేడియానికి తొలి పరీక్ష పెద్ద తెరలు, మెత్తని కుర్చీలు కావు; ఆ నీరు ఎటు పోతుందన్నదే.

మన కాలేజీ మైదానాల్లో వాన వెలిసిన మర్నాడు గోల్ ముందు బురదగుంట మిగులుతుంది. బంకమట్టి రేణువుల మధ్య సందులు అతి సూక్ష్మంగా ఉండటం వల్ల నీరు త్వరగా ఇంకదు, ఆటగాళ్ల తొక్కుడుకు ఆ సందులు కూడా మూసుకుపోతాయి. అందుకే ఆధునిక స్టేడియాల్లో పైమట్టిని తవ్వి తీసి, సుమారు 30 సెంటీమీటర్ల మందాన జల్లించిన ఇసుకను, దాని కింద కంకరను, ఆ అడుగున చిల్లుల గొట్టాలను పరుస్తారు. ఇక్కడొక చక్కని భౌతికశాస్త్ర సూత్రం పనిచేస్తుంది. ఇసుకలోని సన్నని సందులు కేశనాళికల (వెంట్రుకంత సన్నని గొట్టాల) మాదిరిగా నీటిని పట్టి ఉంచుతాయి, కంకరలోని పెద్ద సందులకు ఆ శక్తి లేదు. ఇసుక అడుగు పొర పూర్తిగా తడిసి, నీటి బరువు ఆ పట్టును మించినప్పుడే నీరు కిందికి జారుతుంది. ఆ విధంగా జడివానలో అదనపు నీరు వెళ్లిపోతుంది, ఎండ రోజుల్లో వేళ్లకు తేమ మిగులుతుంది.

వేడి ప్రాంతాల్లో ఆ ఇసుకపై పెంచే బెర్ముడా గడ్డి మన పొలం గట్ల మీది గరిక జాతిదే. ఎంత తొక్కినా మళ్లీ చిగురిస్తుంది గాని, నీడను మాత్రం ఓర్చుకోలేదు. ప్రేక్షకులకు కప్పు వేసిన కొద్దీ పచ్చికకు ఎండ కరవవుతుంది. ఐరోపాలో అనేక స్టేడియాల్లో చక్రాల బండ్లపై దీపాలు అమర్చి రాత్రింబవళ్లు వెలుగు అందిస్తారు.

కప్పుకు మన శ్రీకాకుళం తీరంలో మరో పరీక్ష ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం రెట్టింపైతే దాని ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, పైగా కప్పు మీదుగా వీచే గాలి దాన్ని పైకి లాగుతుంది. కాబట్టి కప్పు కూలకుండా మోయడమే కాక, ఎగిరిపోకుండా నేలకు బిగించి కట్టాలి.

గ్యాలరీలో మెట్ల ఎత్తు అన్నిచోట్లా ఒకేలా ఉంటే వెనకవారికి ముందువారి తల అడ్డొస్తుంది. మన కంటి నుంచి మైదానం దగ్గరి పక్కగీతకు గీసిన ఊహారేఖ, ముందు వరుస వ్యక్తి కంటికి 12 సెంటీమీటర్లు పైనుంచి పోతే ఆట హాయిగా కనిపిస్తుంది. ఆ దూరం నిలవాలంటే వెనక్కి వెళ్లేకొద్దీ మెట్టు ఎత్తు పెరగాలి.

అన్నిటికంటే ముఖ్యమైనవి బయటికి వెళ్లే దారులు. 1989లో ఇంగ్లండులోని హిల్స్‌బరో స్టేడియంలో జనం కిక్కిరిసి, కంచెల మధ్య బయటికి దారిలేక నలిగిపోయిన దుర్ఘటన 97 మంది ప్రాణాలు తీసింది. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం మీటరు వెడల్పు మెట్లపై నిమిషానికి 66 మంది దిగగలరు, ఆట ముగిశాక జనం 8 నిమిషాల్లో బయటపడాలి. శ్రీకాకుళంలో 20,000 మంది పట్టే స్టేడియం కడితే, మెట్లదారులన్నీ కలిపి కనీసం 38 మీటర్ల వెడల్పు కావాలన్నమాట. ఆ జనమంతా ఒక్కసారిగా ఏడు రోడ్ల కూడలి వంటి రద్దీ చోట్లకు చేరతారు గనుక, గేటు వెడల్పుతో పాటు గేటు బయట వీధి వెడల్పును కూడా నక్షా గీసే దశలోనే లెక్కలోకి తీసుకోవాలి.