కర్మ అంటే శిక్ష కాదు: నా దగ్గరికి వచ్చే అపోహలు - వాస్తవాలు

కడపలో పౌరోహిత్యం చేసుకునే నా దగ్గరికి వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఈ మాట పట్టుకొస్తారు: “ఏ జన్మలో ఏం పాపం చేసినామో సామీ, ఇప్పుడు అనుభవిస్తా ఉండాం.” పంట పోయినా ఇదే మాట, పెళ్ళి కుదరకపోయినా ఇదే, బిడ్డకు జబ్బు చేసినా ఇదే. వాళ్ళ బాధ నిజం. ఆ బాధ మీద ఎవరో వేసిన పాపం లెక్క మాత్రం తప్పు.

అపోహ: కర్మ అంటే ముందే రాసిపెట్టిన శిక్ష. కష్టం వచ్చిందంటే ఎప్పుడో పాపం చేసే ఉండాలి.

వాస్తవం: కర్మ సిద్ధాంతం మనకు స్పష్టంగా కనిపించేది ఉపనిషత్తుల్లో. బృహదారణ్యక ఉపనిషత్తు మూడో అధ్యాయంలో ఆర్తభాగుడనే పండితుడు యాజ్ఞవల్క్య మహర్షిని అడుగుతాడు: మనిషి పోయాక వాక్కు అగ్నిలో, ప్రాణం వాయువులో, కన్ను సూర్యుడిలో కలిసిపోతే, ఇక ఆ మనిషి ఎక్కడుంటాడు? జనకుడి సభలో ఎవరేమడిగినా అక్కడికక్కడే జవాబిచ్చే యాజ్ఞవల్క్యుడు ఈ ప్రశ్నకు ఆగాడు. “నాయనా, చెయ్యి ఇటివ్వు. ఇది జనం మధ్య మాట్లాడేది కాదు” అని పక్కకు తీసుకెళ్ళాడు. ఇద్దరూ మాట్లాడుకున్నది కర్మ గురించే. మంచి పనితో మనిషి మంచివాడవుతాడు, చెడ్డపనితో చెడ్డవాడవుతాడు. అక్కడున్నది అంతే. నీ బిడ్డకు జబ్బు చేసింది కాబట్టి నువ్వు ఫలానా పాపం చేశావని వెనక్కి లెక్కగట్టే అధికారం ఆ వాక్యం ఎవరికీ ఇవ్వలేదు. అంతటి ఋషి చెయ్యి పట్టుకుని చాటుగా చెప్పిన విషయాన్ని, శవం లేవకముందే ఇంటి ముందు నిలబడి “అంతా కర్మఫలం” అని తేల్చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

గరుడపురాణంలో ఏ పాపానికి ఏ రోగమో ఉంది కదా అంటారు. ఉంది. పాపం చేయబోయేవాణ్ణి ఆపడానికి చెప్పిన మాటలవి. మంచంలో ఉన్నవాణ్ణి నిలదీయడానికి వాటిని వాడటం అన్యాయం.

దైవం గొప్పదా, మనిషి ప్రయత్నం గొప్పదా అని ధర్మరాజు కూడా అడిగాడు. అనుశాసన పర్వంలో భీష్ముడు ఇచ్చిన జవాబు మన వేరుశనగ రైతుకు చప్పున అర్థమవుతుంది: ప్రయత్నం పొలం, దైవం విత్తనం, రెండూ కలిస్తేనే పంట. పొలమే లేకుండా విత్తనం ఏం చేస్తుంది?

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, పులివెందుల వైపు నుంచి ఒక జంట రెండేళ్ళు దాటిన ఆడబిడ్డను ఎత్తుకొచ్చారు. పిలిస్తే పలకదు. సర్పదోషమని ఎవరో చెబితే తల్లి గొలుసు అమ్మి పూజలు చేయించారు. జాతకం నా ముందు పరిచారు. పాప నేలమీద కూర్చుని తమలపాకులు చించుతోంది. నేను పూజగంట తీసి దాని వెనకాల గట్టిగా కొట్టాను. తల తిప్పలేదు. ఆకు చించడం కూడా ఆపలేదు.

“చెవుల డాక్టరు దగ్గరికి పోయినారామ్మా?”

“లేదు సామీ. దోషం పోతే అదే ఇంటుందని చెప్పినారు.”

పరీక్ష చేయిస్తే వినికిడి లోపమని తేలింది. చెవికి మిషన్ పెట్టారు, ఇప్పుడు మాటలు నేర్పిస్తున్నారు. గొలుసు మళ్ళీ కొనుక్కోవచ్చు. మాటలు రావాల్సిన వయసులో పోయిన నెలలను ఏ పూజతో తెస్తాం? ఆ తల్లి మాత్రం తనవల్లే ఇలా జరిగిందని అప్పటిదాకా రోజూ ఏడుస్తూ ఉంది. కాలసర్పదోషమని వణికిపోయేవాళ్ళకూ ఒక మాట: జ్యోతిషంలో పాత ప్రమాణ గ్రంథమైన వరాహమిహిరుడి బృహజ్జాతకంలో ఆ పేరే లేదు.

మిగతావి తొందరగా చెప్పేస్తాను.

మన మతాన్ని ఎవరు, ఎప్పుడు స్థాపించారు? స్థాపకుడు లేడు, ఒకే గ్రంథమూ లేదు. ఋగ్వేద సూక్తాలు సుమారు క్రీ.పూ. 1500-1000 మధ్యవని చరిత్రకారుల్లో ఎక్కువమంది అంటారు, వేదం అపౌరుషేయమని, అంటే మనుషులు రాసింది కాదని, సంప్రదాయం అంటుంది. ఆ తర్వాత ఉపనిషత్తులు, ఇతిహాసాలు, పురాణాలు, ఆగమాలు, ఊరి గంగమ్మ జాతరలు, అన్నీ చేరుతూ వచ్చాయి.

ముప్పైమూడు కోట్ల దేవతలా? ఎంతమంది దేవతలని అదే జనకుడి సభలో శాకల్యుడనే పండితుడు అడిగితే అదే యాజ్ఞవల్క్యుడు 3306తో మొదలుపెట్టి 33, 6, 3, 2, ఒకటిన్నర అంటూ చివరికి ఒక్కడి దగ్గర ఆగాడు.

శివుడు, విష్ణువు ఎవరికి వారేనా? పెన్న ఒడ్డున పుష్పగిరికి పోయి చూడండి, చెన్నకేశవుడు, సంతాన మల్లేశ్వరుడు ఒకే ఆవరణలో ఉన్నారు. వేరే మతంవాళ్ళు గుడిమెట్లు ఎక్కితే మైల అనేవాళ్ళు ఉగాదినాడు దేవుని కడప వెంకన్న గుడికి రండి. వెంకన్న పెళ్ళాడిన బీబీ నాంచారమ్మ మా ఆడబిడ్డ అని ముస్లింలు కొబ్బరికాయలు పట్టుకుని వరసలో నిలబడి ఉంటారు.

ఇక ఏ వరదొచ్చినా, ఏ రోగమొచ్చినా “బ్రహ్మంగారు కాలజ్ఞానంలో ముందే చెప్పారు” అని వాట్సాప్‌లో పద్యాలు పుట్టుకొస్తాయి. కందిమల్లాయపల్లె మఠం మన జిల్లాలోనే ఉంది. పదిమందికి పంపి టెన్షన్ పెట్టేముందు కనీసం అచ్చు పుస్తకం తెరిచి ఆ పద్యం ఉందో లేదో చూడండి.

శాంతి పూజలు వద్దని నేననను, నేనూ చేయిస్తాను. మనసు కుదుటపడుతుంది, అదీ అవసరమే. కానీ అప్పు తెచ్చి, నగ తాకట్టు పెట్టి చేయమని ఎవరు చెప్పినా చేయకండి. నవగ్రహ స్తోత్రం ఇంట్లో చదువుకోవడానికి రూపాయి ఖర్చు లేదు. బిడ్డ జాతకం తెచ్చేవాళ్ళు ఆసుపత్రి చీటీ కూడా తీసుకురండి. నేను ముందు ఆ చీటీ చూస్తాను, తర్వాతే జాతకం విప్పుతాను.