పెద్ద పుట్టుమచ్చతో బిడ్డ పుడితే: అపోహలు, వాస్తవాలు

"మేడమ్, బేబీకి వీపంతా నల్లగా ఉంది, ఒకసారి వచ్చి చూస్తారా?" అని కాన్పుల వార్డు నుంచి ఫోన్ వస్తుంది. వెళ్లేసరికి బిడ్డ హాయిగా పాలు తాగుతూ ఉంటుంది. ఏడుస్తున్నది తల్లి. పసిపిల్లల చర్మం చూడటమే నా పని కాబట్టి ఈ దృశ్యం నాకు కొత్త కాదు. కొందరు పిల్లలకు నడుము చుట్టూ నల్ల నిక్కరు తొడిగినట్టే ఉంటుంది మచ్చ. ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది. అయితే ఆ గదిలో అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎందుకొచ్చింది?" నేను ముందుగా వెతికేది మాత్రం వేరే.

అపోహ: కడుపుతో ఉన్నప్పుడు తల్లి ఏదో చేసింది.

భయపడిందని, కోరిక తీరలేదని, గ్రహణం చూసిందని అంటారు. ఈ నమ్మకం ఎంత పాతదంటే, ఇటాలియన్, స్పానిష్, అరబిక్ భాషల్లో పుట్టుమచ్చకు వాడే మాటకు "కోరిక" అనే అర్థం కూడా ఉంది. మన భాషలో గ్రహణం మొర్రి అన్న మాట ఉండనే ఉంది కదా.

జరిగేది ఇదీ. చర్మానికి రంగునిచ్చే కణాలు మెలనోసైట్లు. పిండం ఎదిగే తొలి వారాల్లో వెన్నుపాము ఏర్పడే చోటు నుంచి ఇవి బయల్దేరి ఒళ్లంతా సర్దుకుంటాయి. ఆ ప్రయాణంలో ఏదో ఒక్క కణంలో జన్యువు మారుతుంది. పెద్ద మచ్చల్లో ఎక్కువగా కనిపించేది ఎన్‌ఆర్‌ఏఎస్ అనే జన్యువులో మార్పు. ఆ కణం నుంచి పుట్టినవన్నీ కలిసి ఈ మచ్చ అవుతాయి. మార్పు ఆ కణాల వరకే. అమ్మ నుంచీ రాలేదు, నాన్న నుంచీ రాలేదు. తర్వాతి కాన్పులో కూడా ఇలాగే అవుతుందన్న భయం పెట్టుకోనక్కర్లేదు. ఈ ముక్క నేను తల్లి ఒక్కతే ఉన్నప్పుడు చెప్పను. అత్తగారు, భర్త అందరూ గదిలో ఉన్నప్పుడే చెబుతాను.

అపోహ: ఇది ఒళ్లంతా పాకిపోతుంది.

పాకదు. బిడ్డతో పాటు పెరుగుతుంది, అంతే. బిడ్డ దగ్గరికి వెళ్లగానే నేను టేపు తీసేది ఇందుకే. పెద్దయ్యాక 20 సెంటీమీటర్లు దాటేదాన్ని పెద్ద మచ్చ అంటాం, 40 దాటితే అతి పెద్దది. పుట్టినప్పుడు వీపు మీద 7 సెంటీమీటర్లున్న మచ్చ పెద్దయ్యాక 20 దగ్గరికి వస్తుంది, ఎందుకంటే ఒంటి మీది చర్మం దాదాపు మూడింతలు సాగుతుంది. తల అంతగా పెరగదు, అక్కడి మచ్చ రెండింతలు కూడా కాదు. ఇంత పెద్దవి అరుదు, సుమారు 20,000 మంది పిల్లల్లో ఒకరికి. చిన్నవైతే నూటికి ఒక బిడ్డకు ఉంటాయి. మొదటి రెండు మూడేళ్లలో అక్కడక్కడా కొత్త చిన్న మచ్చలు తేలొచ్చు. వాటిని చూసి మచ్చ "పాకింది" అనుకుంటారు.

అపోహ: చర్మం సంగతే కదా, స్కానింగ్ ఎందుకు?

టేపు తర్వాత నేను చేసేది ఈ చిన్న మచ్చల్ని లెక్కపెట్టడం. పెద్ద మచ్చ చుట్టూ ఇవి ఎన్ని ఎక్కువుంటే, అవే కణాలు మెదడులో, వెన్నుపాములో కూడా ఉండే అవకాశం అంత ఎక్కువ. అలాంటి బిడ్డకు ఎంఆర్ఐ తీయించాలి, అదీ 6 నెలల లోపే. ఆ తర్వాత నరాల మీద మైలిన్ పొర దట్టమై, ఈ కణాల్లోని మెలనిన్ అనే రంగు పదార్థం ఉన్న చోట్లు స్కాన్‌లో సరిగ్గా కనపడవు. ఇంకో లాభం, తొలి వారాల్లో పాలు పట్టి, గుడ్డలో చుట్టి పడుకోబెడితే చాలాసార్లు మత్తు లేకుండానే స్కాన్ అయిపోతుంది. "కాస్త పెద్దయ్యాక చేయిద్దాం" అని వాయిదా వేసేవాళ్లతో నేను గట్టిగానే మాట్లాడతాను. స్కాన్‌లో ఏదైనా కనిపించినా కంగారు పడిపోవద్దు, ఎప్పటికీ ఏ ఇబ్బందీ రాని పిల్లలు చాలామంది ఉన్నారు. కానీ ఫిట్స్ వచ్చినా, వాంతులు ఆగకపోయినా, మాడు ఉబ్బినా, తల మరీ వేగంగా పెరుగుతున్నా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అపోహ: క్యాన్సర్ తప్పదు. తీయించేస్తే ఆ గొడవ ఉండదు.

రెండూ తప్పే. పెద్ద మచ్చలున్నవాళ్లలో మెలనోమా అనే క్యాన్సర్ జీవితకాలంలో వచ్చేది నూటికి 2 నుంచి 5 మందికి. చిన్న మచ్చల్లో ఒక శాతం కంటే తక్కువ. తక్కువే అయినా నిర్లక్ష్యం చేయకూడదు, ఎందుకంటే పెద్ద మచ్చల్లో ఇది చిన్నతనంలోనే రావచ్చు. ఇక తీయించడం మాటకొస్తే, ఈ కణాలు చర్మం కింద కొవ్వు దాకా దిగి ఉంటాయి, మెదడు పొరల్లో కూడా ఉండొచ్చు. ఆపరేషన్ చేస్తే ముప్పు సున్నా అవుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

ఇంట్లో మీరు చేయాల్సింది ఒకటుంది. స్నానం చేయించి ఒళ్లు తుడిచేటప్పుడు మచ్చ మీద వేళ్లతో మెల్లగా తడమండి. ఈ మచ్చల రంగు, అంచులు మామూలుగానే ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి కంటికంటే వేలికే ఎక్కువ తెలుస్తుంది. లోపల గట్టి గడ్డ తగిలి అది వారాల్లోనే పెరుగుతుంటే, లేదా పుండు పడి మానకపోతే చూపించండి. గడ్డలన్నీ చెడ్డవి కావు, పసిపిల్లల్లో చాలావరకు మామూలువే. కానీ అది తేల్చేది బయాప్సీయే, అంటే చిన్న ముక్క తీసి చేసే పరీక్ష.

అపోహ: లేజర్‌తో పోతుంది.

పైన రంగు తగ్గుతుంది, లోతున కణాలు అలాగే ఉంటాయి, చాలాసార్లు రంగు తిరిగొస్తుంది. తెల్లబరిచే క్రీములు అసలే వద్దు. ఈ చర్మం పొడిబారుతుంది, దురద పెడుతుంది, గీసుకుంటే త్వరగా చిట్లుతుంది. దానికి కావాల్సింది మామూలు మాయిశ్చరైజరు.

ఆపరేషన్ వద్దని కాదు. ముఖం మీద ఉన్నవాటికి చాలా కుటుంబాలు చేయిస్తాయి. పక్కనున్న మంచి చర్మం కింద సిలికాన్ సంచి పెట్టి, కొన్ని వారాల పాటు కొంచెం కొంచెం సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీసి, మచ్చ తీసిన చోట కప్పుతారు. ఎన్నో విడతలు పడుతుంది, మచ్చ బదులు కుట్ల గీతలు మిగులుతాయి. మరోవైపు తల మీది మచ్చలు చాలావాటికి ఏళ్లు గడిచేకొద్దీ వాటంతటవే రంగు పలచబడతాయి. అందుకే అక్కడ తొందరపడను.

మచ్చ మీద వెంట్రుకలు కత్తిరిస్తే ఏదో అవుతుందన్న భయం ఉత్తిదే. కత్తిరించండి, గొరగండి, ఏమీ కాదు.

అపోహ: పుట్టుకతో వచ్చిన మచ్చలన్నీ ఒకటే.

పిరుదుల మీద, నడుం కింద నీలి బూడిదరంగులో కనిపించేవి మంగోలియన్ మచ్చలు. హానిలేనివి, కొన్నేళ్లలో చాలావరకు మాసిపోతాయి. బిడ్డను కొట్టారేమోనని పొరబడే ప్రమాదముంది కాబట్టి, పుట్టినప్పుడే రికార్డులో రాయించుకోండి. లేత గోధుమరంగు మచ్చలు అర సెంటీమీటరుకు మించినవి ఆరు, అంతకంటే ఎక్కువ ఉంటే అది వేరే లెక్క, డాక్టరుకు చూపించాలి.

నా దగ్గరికి మొదటిసారి వచ్చేవాళ్లను ఫోటోలు అడుగుతాను. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, మచ్చ పక్కన టేపు పెట్టి తీయండి. మొదటి ఏడాది నెలకొకటి, ప్రతిసారీ అదే భంగిమలో. "పోయిన నెల కంటే పెరిగిందనిపిస్తోంది" అన్నప్పుడు రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, పెరిగింది మచ్చా, బిడ్డా అన్నది అక్కడే తేలిపోతుంది.